తిండిగా తినండి, మందుగా వద్దు: డార్క్ చాక్లెట్ సంగతి

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక డైటీషియన్ చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన కొన్ని ప్రశ్నలతో సహా.)

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడే అంశం కూడా మీరే ఇచ్చారు. అది మీ ఫోన్లలోంచి పుట్టిన అంశం. డార్క్ చాక్లెట్ తింటే బీపీ తగ్గుతుంది, షుగర్ రాదు, రక్తం పడుతుంది, గుండెకి ఢోకా ఉండదు అని ఒకే మెసేజీ తెలుగులోనూ వస్తోంది, ఒడియాలోనూ వస్తోంది. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో చెప్పడానికే వచ్చాను. ఎందుకంటే ఇలాంటి మెసేజీ నమ్మి బీపీ మాత్ర మానేసిన ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. రాత్రి అన్నం తిన్నాక మాత్రకి బదులు రెండు చాక్లెట్ ముక్కలు వేసుకుంటున్నారు. తల తిరుగుతోందని వాళ్ల అబ్బాయి తీసుకొచ్చాడు. డాక్టరుగారు మళ్లీ మాత్ర మొదలుపెట్టాక కుదుటపడ్డారు. ఆవిడ చదువుకున్నవారే. చాక్లెట్లో తప్పేమీ లేదు. దాని మీద మోపిన బరువే తప్పు.

ముందు ఈ వస్తువు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు చుట్టాలున్నవాళ్లు కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో చెట్ల మధ్య కోకో చెట్లు చూసే ఉంటారు. కాయ కొమ్మల చివర కాయదు, మానుకీ లావు కొమ్మలకీ అంటుకుని కాస్తుంది. పగలగొడితే లోపల తెల్లటి గుజ్జు, అందులో గింజలు. ఆ గుజ్జు తియ్యగా పుల్లగా బావుంటుంది కానీ గింజ కొరికితే మాత్రం నోరంతా వగరు, చేదు. గుజ్జుతో సహా ఆ గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత ఫ్యాక్టరీలో వేయించి నూరుతారు. అప్పటికి గాని మనకి తెలిసిన చాక్లెట్ వాసన రాదు.

ఆ వగరు దగ్గర కాస్త ఆగుదాం. అసలు విషయం అక్కడే ఉంది. ఫ్లేవనాల్స్ అనే పదార్థాల వల్ల వచ్చే వగరు అది. ఇవి టీ ఆకులోనూ ఉంటాయి. డార్క్ చాక్లెట్ గుండెకి మంచిదని ఎవరన్నా అన్నారంటే ప్రధానంగా వీటి గురించే అన్నట్టు. చిక్కేమిటంటే, గింజని రుచిగా మార్చే ప్రతి పనీ వీటిని కొంత తగ్గిస్తుంది. పులియబెడితే కొంత పోతుంది, వేయిస్తే మరికొంత పోతుంది. 19వ శతాబ్దంలో డచ్చివాళ్లు కోకోని క్షారంతో శుద్ధి చేసే పద్ధతి మొదలుపెట్టారు. దానివల్ల రంగు ముదురుతుంది, చేదు విరుగుతుంది, ఫ్లేవనాల్స్ చాలావరకు పోతాయి. కాబట్టి నల్లగా ఉన్నంత మాత్రాన మంచిదని అనుకోకండి. ఒక్కోసారి మరీ నల్లగా ఉన్నదాంట్లోనే తక్కువ ఉంటాయి.

ఇక పోషకాలు. 70 నుంచి 85 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 100 గ్రాములు తీసుకుంటే సుమారు 600 కేలరీలు, 43 గ్రాముల కొవ్వు, 24 గ్రాముల చక్కెర, 11 గ్రాముల పీచు, దాదాపు 8 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. మెగ్నీషియం 228 మిల్లీగ్రాములు, ఐరన్ 12 మిల్లీగ్రాముల దాకా, పొటాషియం 715 మిల్లీగ్రాములు. రాగి, మాంగనీస్ కూడా బాగానే ఉంటాయి. మిల్క్ చాక్లెట్లో అయితే అదే 100 గ్రాములకి చక్కెర 50 గ్రాములు దాటుతుంది. ఆ తేడా చిన్నది కాదు.

ఈ అంకెలన్నీ 100 గ్రాములకి. 100 గ్రాములంటే పెద్ద బారు మొత్తం. ఒక్కరూ ఒక పూటలో అంత తినకూడదు. నేను చెప్పే కొలత 10 నుంచి 20 గ్రాములు, అంటే ఒకటి రెండు ముక్కలు. 20 గ్రాములకి లెక్క వేస్తే 120 కేలరీలు, 46 మిల్లీగ్రాముల మెగ్నీషియం. పెద్దవాళ్లయిన ఆడవాళ్లకి రోజుకి కావలసిన మెగ్నీషియం 370 మిల్లీగ్రాములు. మెగ్నీషియం కోసమే అయితే ఇంత దూరం పోనక్కర్లేదు. మన పక్కనే ఉన్న పలాస జీడిపప్పులో 100 గ్రాములకి ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. చోడి (రాగి) అంబలి తాగేవాళ్లకి రోజూ మెగ్నీషియం అందుతూనే ఉంటుంది, దాంతోపాటు చాక్లెట్ ఇవ్వలేనంత కాల్షియం కూడా.

కొవ్వు మాట విని భయపడేవాళ్లకి ఒక మాట. కోకో బటర్లో, అంటే కోకో గింజలో ఉండే కొవ్వులో, సంతృప్త కొవ్వు ఎక్కువే. కాకపోతే అందులో పెద్ద భాగం స్టియరిక్ ఆమ్లం. అది చెడు కొలెస్ట్రాల్‌ని నెయ్యి, వెన్నల్లోని కొవ్వులంతగా పెంచదు. అయితే ఈ మాట అసలైన కోకో బటర్‌కే వర్తిస్తుంది. అది ఉందో లేదో తెలియాలంటే రేపర్ వెనక చదవాలి.

పెద్ద బజారులో కొన్న రెండు రేపర్లు తెచ్చాను. ముందు వరస వాళ్లు చూసి వెనక్కి పంపండి. రెండింటి మీదా ముందువైపు డార్క్ అనే పెద్ద అక్షరాలున్నాయి. ఇప్పుడు వెనక్కి తిప్పండి. పదార్థాల పేర్లు బరువుని బట్టి రాస్తారు, ఎక్కువ ఉన్నది ముందు. మొదటి రేపర్లో ముందు ఏముంది? చక్కెర. తర్వాత వెజిటబుల్ ఫ్యాట్. మూడోది కోకో సాలిడ్స్. రెండో దాంట్లో కోకో మాస్, అంటే నూరిన గింజల ముద్ద, ఆ తర్వాత చక్కెర, కోకో బటర్, చివర ఎమల్సిఫైయర్ 322, అంటే లెసిథిన్. దానితో మనకి పేచీ లేదు. రెండూ పక్కపక్కనే అమ్ముతున్నారు, ఒకే పేరుతో పిలుస్తున్నాం, కానీ ఈ రెండూ వేరు వేరు తిండ్లు.

మొదటి రకాన్ని కాంపౌండ్ అంటారు. ఇంట్లో చాక్లెట్లు చేసి పుట్టినరోజులకి అమ్మే అమ్మాయిలు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు స్లాబు కొని, కరిగించి, అచ్చుల్లో పోస్తారు కదా. ఆ స్లాబు మీద డార్క్ కాంపౌండ్ అని ఉంటుంది. కోకో బటర్ తీసేసి చవకైన వంట కొవ్వు వేస్తారు కనుక చేతిలో తొందరగా కరగదు, పని తేలిక. పండక్కి ఒకటి తింటే ఏమీ కాదు. ఆరోగ్యం కోసం తింటున్నాం అనుకుంటూ దీన్ని తినడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ఆ అమ్మాయిలకి నా మనవి, అమ్మేటప్పుడు అది కాంపౌండ్ అని చెప్పండి. కొనేవాళ్లకి తెలియాలి.

శాతం సంగతి కూడా చెప్తాను. 70 శాతం అంటే గింజ నుంచి వచ్చిన భాగం మొత్తం, కోకో బటర్‌తో కలిపి, 70 గ్రాములు. మిగతా 30లో దాదాపు అంతా చక్కెరే. 50 శాతం అయితే సగానికి సగం చక్కెర. కానీ ఫ్లేవనాల్స్ ఎంత ఉన్నాయో మాత్రం శాతం చెప్పదు, రేపర్ మీద ఆ లెక్క సాధారణంగా ఉండదు.

ఇప్పుడు బీపీ. ఈ కథ పనామా దేశపు తీరంలోని దీవుల్లో మొదలైంది. అక్కడి కూనా జాతి వాళ్లు కోకో పానీయం రోజూ బాగా తాగుతారు. వయసు మీద పడినా వాళ్లకి బీపీ పెరగదని హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హాలెన్‌బర్గ్ బృందం గమనించింది. అదే జాతి వాళ్లు నగరానికి వలస వెళ్తే అందరిలాగే బీపీ పెరిగింది. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన రక్షణ కాదు, బతుకు తీరులోంచి వచ్చింది. కాకపోతే ఆ దీవుల్లో కోకో ఒక్కటే కాదు, తిండి, పని, రోజు గడిచే పద్ధతి అన్నీ నగరానికి వేరు. ఘనత అంతా కోకోకే కట్టబెట్టలేం.

తర్వాత పరీక్షలు జరిగాయి. ఫ్లేవనాల్స్ వల్ల రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ తయారు చేస్తుంది, నాళాల కండరం సడలుతుంది, రక్తం సులువుగా పారుతుంది. ఇది నిజం. దీన్ని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది, రోజుకి 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ కావాలని కొలత కూడా చెప్పింది. మరి బీపీ ఎంత తగ్గుతుంది? 2017లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ సమీక్ష 35 పరీక్షల్ని కలిపి చూసింది. సగటున తగ్గింది 2 పాయింట్ల లోపు. బీపీ ముందే ఎక్కువ ఉన్నవాళ్లలో 4 పాయింట్ల దాకా. పైగా అవి కొన్ని వారాల పరీక్షలు, వాటిలో ఇచ్చిన ఫ్లేవనాల్స్ సగటు మోతాదు మన రెండు ముక్కల్లో దొరికేది కాదు. 160 ఉన్న మనిషికి నాలుగు పాయింట్లు తగ్గినా 156. మాత్ర మానేయడానికి అది సరిపోతుందా? మీరే చెప్పండి. ఉప్పు తగ్గిస్తే, రోజూ నడిస్తే ఇంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. అప్పడాలు, ఊరగాయలకి బరంపురం పెట్టింది పేరు. అందుకే ఉప్పు మాట నేను ఎక్కడికి వెళ్లినా ఎత్తుతాను.

గుండె విషయంలో అమెరికాలో కాస్మోస్ అని ఒక పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2022లో వచ్చాయి. 21,000 మందికి పైగా పెద్దవాళ్లు, సగం మందికి రోజుకి 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ గుళికలు. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే తేడా గట్టిగా నిలబడలేదు. గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు మాత్రం 27 శాతం తక్కువ. ఆశ కలిగించే మాటే, కాదనను. కానీ వాళ్లకి ఇచ్చింది గుళికలు, చాక్లెట్ కాదు. చక్కెర, కొవ్వు లేని గుళిక ఫలితాన్ని చాక్లెట్ బారుకి అంటగట్టడం దగ్గరే మెసేజీలన్నీ దారి తప్పుతున్నాయి.

షుగర్ గురించి కూడా అలాగే. 2024 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చిన అధ్యయనం లక్షకి పైగా అమెరికన్ నర్సులు, ఆరోగ్య వృత్తుల వాళ్ల తిండి లెక్కలు చూసింది. వారానికి అయిదు సార్లు, అంతకు మించి డార్క్ చాక్లెట్ తిన్నవాళ్లకి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం 21 శాతం తక్కువగా కనిపించింది. మిల్క్ చాక్లెట్ తిన్నవాళ్లలో ఆ మేలు లేదు, బరువు పెరిగారు. ఇది పరిశీలన మాత్రమే. డార్క్ చాక్లెట్ ఎంచుకునే మనిషి మిగతా తిండిలోనూ జాగ్రత్తపడే మనిషి అయి ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అది షుగర్ లేనివాళ్ల లెక్క. వచ్చినవాళ్లకి తగ్గుతుందని అందులో లేదు. షుగర్ ఉన్నవాళ్లు 70 శాతం దాటినది ఒక ముక్క తినొచ్చు, కాకపోతే రసగుల్లా తిన్నాక అదనంగా కాదు, రసగుల్లా బదులు. షుగర్‌ఫ్రీ అని రాసినవాటిలో తీపి కోసం చక్కెర బదులు తరచుగా మాల్టిటాల్ అనే పదార్థం వేస్తారు. ఎక్కువ తింటే విరేచనాలవుతాయి, రక్తంలో చక్కెర కూడా కొంత పెరుగుతుంది.

రక్తం పడుతుందన్న మాట మీద నాకు నిజంగా ఆందోళన ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 64 మందికి రక్తహీనత. ఈ హాల్లో కూర్చున్న మన ఆడపిల్లల్ని కూడా కలుపుకునే ఆ లెక్క. చాక్లెట్లో ఐరన్ ఉంది, కాదనను. కానీ రెండు ముక్కల్లో వచ్చేది రెండున్నర మిల్లీగ్రాముల లోపు. ఆడవాళ్లకి రోజుకి కావలసింది 29. పైగా ఇందాక మెచ్చుకున్న ఆ వగరు పదార్థాలే ఐరన్‌ని పేగులు సరిగా పీల్చుకోనివ్వవు. అన్నం తినగానే టీ తాగొద్దని చెప్పేది కూడా అందుకే. బడిలో వారం వారం ఐరన్ మాత్ర ఇస్తారు కదా, చేదు పోవడానికని వెంటనే చాక్లెట్ ముక్క చేతిలో పెట్టకండి. జామకాయ ముక్క ఇవ్వండి, నిమ్మకాయ నీళ్లు ఇవ్వండి. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది. చాక్లెట్ రెండు గంటలు ఆగి తిననివ్వండి. రక్తం పట్టాలంటే తోటకూర, నువ్వులు, పప్పులు, తినేవాళ్లయితే చేప, మాంసం. డాక్టరు రాసిన మాత్ర.

ఇక కిడ్నీ మాట. ఇచ్ఛాపురం దాటితే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. అటువైపు చుట్టరికం లేని ఇల్లు మనలో తక్కువ. డయాలసిస్‌కి వెళ్లే బావగారో, పెదనాన్నగారో ఉన్న ఇంటికి పండ్ల బదులు డార్క్ చాక్లెట్ తీసుకెళ్తున్నారు, ఆరోగ్యానికి మంచిదని. దయచేసి ఆగండి. కిడ్నీ సరిగా పనిచేయని మనిషి ఒంట్లోంచి పొటాషియం బయటికి పోదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆ భయంతోనే కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లని కొబ్బరి నీళ్లు మానమంటారు. చాక్లెట్లో పొటాషియం ఉంది, ఫాస్ఫరస్ ఉంది. ఒక్క ముక్కతో ప్రమాదం ముంచుకు రాకపోవచ్చు. కానీ ఆ ముక్కకి వాళ్ల రోజు తిండిలో చోటుందో లేదో చెప్పాల్సింది వాళ్ల రక్తపరీక్ష చూసే డాక్టరు, మనం కాదు. రాళ్లు పడే మనిషికి కూడా ఇదే మాట, కోకోలో రాళ్లు కట్టడానికి దోహదం చేసే ఆక్సలేట్లు ఎక్కువ.

దీనికి ఆనుకుని ఇంకొకటి ఉంది. 2022లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ 28 డార్క్ చాక్లెట్ బార్లు పరీక్ష చేయించింది. అన్నిట్లోనూ సీసం, కాడ్మియం అనే విష లోహాలు దొరికాయి. 23 బార్ల విషయంలో రోజుకి ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు తిన్నా, వాళ్లు పెట్టుకున్న హద్దు దాటుతుందని తేలింది. కాడ్మియం నేలలోంచి చెట్టు పీల్చుకుంటుంది. సీసం గింజలు ఆరబెట్టేటప్పుడు దుమ్ములోంచి అంటుకుంటుంది. కోకో శాతం పెరిగేకొద్దీ ఇవీ పెరిగే వీలుంది. కాడ్మియం చేరేది ముఖ్యంగా కిడ్నీల్లోనే, చేరితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఉద్దానం జబ్బుకి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, దానికీ చాక్లెట్‌కీ నేను ముడి పెట్టడం లేదు. గర్భిణులు, చిన్న పిల్లలు రోజూ తినొద్దని మాత్రం అంటాను. మిగతావాళ్లు కూడా ఒకే బ్రాండు పట్టుకుని ఏడాది పొడుగునా తినకుండా మారుస్తూ ఉంటే మంచిది.

ఎప్పుడు తినాలంటే, మధ్యాహ్నం భోజనం అయ్యాక. రాత్రి వద్దంటాను, ఎందుకంటే ఇందులో కొంచెం కెఫీన్, దానికి పది రెట్లు థియోబ్రోమిన్ అనే కెఫీన్ లాంటి పదార్థం ఉంటాయి. కొందరికి నిద్ర పట్టదు, కొందరికి గుండెల్లో మంట. నమిలి మింగేయకండి. నాలుక మీద పెట్టి కరగనివ్వండి. మొదట చేదు, తర్వాత కాస్త పులుపు, ఆ వెనక తీపి వస్తాయి. అలా తింటే ఒక ముక్కకే తృప్తి కలుగుతుంది. రెండో దాని మీదకి చెయ్యి పోదు. తిండిగా దాన్ని నేను ఇష్టపడేది ఇందుకే.

ఇప్పుడు అడగండి.

ప్రశ్న: అమ్మా, మా మనవడికి అయిదేళ్లు. మిల్క్ చాక్లెట్ మాన్పించి ఇది అలవాటు చెయ్యొచ్చా?

మామ్మగారూ, రోజూ అలవాటు చేయకండి. ఎప్పుడైనా ఒక చిన్న ముక్క చాలు, అదీ పగటి పూట. పిల్లాడు తీపి తినడం తగ్గాలంటే ఇంట్లో తీపి నిలవ ఉంచకపోవడమే మార్గం. ఇంట్లో కుక్క ఉంటే దానికి మాత్రం చిన్న ముక్క కూడా పెట్టనివ్వకండి. థియోబ్రోమిన్ కుక్కలకి విషం. డార్క్‌లో అది ఇంకా ఎక్కువ.

ప్రశ్న: చాక్లెట్ ఖరీదు ఎక్కువ. పాలల్లో కోకో పౌడర్ కలుపుకుంటే సరిపోతుందా?

సరిపోతుంది. నన్నడిగితే అదే మేలు. చక్కెర కలపని కోకో పౌడర్లో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. ఒక చెంచా చాలు. డబ్బా మీద అసిడిటీ రెగ్యులేటర్ 500 గానీ 501 గానీ కనిపిస్తే క్షారంతో శుద్ధి చేసినదని దాదాపు అనుకోవచ్చు, ఫ్లేవనాల్స్ తక్కువ ఉంటాయి. అవి లేనిది చూసుకోండి. పిల్లల ఎదుగుదలకని అమ్మే చాక్లెట్ రుచి పొడులు వేరు. వాటిలో ఎక్కువ భాగం మాల్టు, చక్కెర.

ప్రశ్న: మొన్న ఎండలకి బారు మీద తెల్లటి పొర వచ్చింది. బూజనుకుని పారేశాం.

పారేయనక్కర్లేదు. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మన వేసవిలో కరిగి, రాత్రి మళ్లీ గట్టిపడినప్పుడు ఆ కొవ్వు పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది. రుచి కొంచెం తగ్గుతుందంతే, తినొచ్చు. నూగుగా, పచ్చగా ఉండి ముక్కిన వాసన వస్తే అది బూజు, అప్పుడు పారేయండి. వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు కనుక మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టండి, లేకపోతే పక్కనున్న కూరల వాసన పట్టేస్తుంది. బయటికి తీసిన వెంటనే మూత తీయకండి. చల్లటి ముక్క మీద తేమ చేరి పైనున్న చక్కెర కరుగుతుంది, ఆరాక గరుకుగా మళ్లీ తెల్ల పొర వస్తుంది. డబ్బా గది వేడికి వచ్చాక, ఒక అరగంట ఆగి మూత తీయండి.